దోపుకునే మూర

ఆశ లావు, పీక సన్నం. షాపు బోర్డు మీద పేరు చెరిపేసి ఈ మాట రాయిద్దామని చాలాసార్లు అనుకున్నాను. గుడివాడ బస్టాండుకి దగ్గరలో, ఒక మందుల షాపు పైన, ఒంటి గదిలో ఇరవై ఏళ్ళ నుంచి కంప్యూటర్లు బిగిస్తున్నాను, బాగు చేస్తున్నాను. మొదట్లో డీటీపీ వాళ్ళు వచ్చేవారు, రైసు మిల్లుల గుమాస్తాలు వచ్చేవారు. ఇప్పుడు వాళ్ళ పనంతా ఫోన్లోనో ల్యాప్‌టాప్‌లోనో అయిపోతోంది. నాకు మిగిలింది ఆటలు ఆడుకునేవాళ్ళు. వాళ్ళకి గ్రాఫిక్స్ కార్డు కావాలి, దానికి గొడ్డు చాకిరీ చెప్పాలి, అది చెయ్యలేకపోతే తప్పు నాది కావాలి.

వచ్చే ఫిర్యాదు ఎప్పుడూ ఒక్కటే. "ఆట ఆగి ఆగి వెళ్తోందండీ." సెట్టింగులు తెరిచి చూస్తాను. నీడలు చివరి మెట్టు మీద, నీళ్ళలో ప్రతిబింబాలు చివరి మెట్టు మీద, గడ్డి చివరి మెట్టు మీద. చూస్తే ఎవరో వాడి అమ్మేసిన పాత కార్డు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు. "ఇవన్నీ ఎవరు పెట్టారు?" అంటే, "బొమ్మ బాగుంటుందని నేనే పెట్టానండీ" అంటారు. బొమ్మ బాగానే ఉంటుంది. కదలదు, అంతే.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. తెర మీద కదిలే ఆట అంతా నిజానికి కదలని బొమ్మల వరస. కార్డు ఒక బొమ్మ గీస్తుంది, చెరిపేస్తుంది, ఇంకోటి గీస్తుంది. సెకనుకి అరవై గీస్తే కంటికి హాయిగా జారిపోతుంది. ముప్ఫై గీస్తే సర్దుకోవచ్చు. ఇరవైకి పడిపోయిందా, గతుకుల రోడ్డు మీద ఆటో ప్రయాణమే. మనం నీడలు కావాలన్నామనుకోండి, ప్రతి బొమ్మలోనూ ప్రతి చెట్టుకీ నీడ ఎటు పడుతుందో అది లెక్క వేసుకోవాలి. నీళ్ళు మెరవాలన్నామనుకోండి, పైనున్న ఆకాశాన్ని కింద ఇంకోసారి గియ్యాలి. అందం పెంచిన కొద్దీ సెకనుకి గీసే బొమ్మలు తగ్గిపోతాయి. ఇందులో నాకు ఒళ్ళు మండే సంగతి ఇంకొకటి ఉంది. చివరి మెట్టుకీ దాని కింది మెట్టుకీ తేడా మనిషి కంటికి దాదాపు తెలియదు. కార్డుకి మాత్రం తెలుస్తుంది. దాని ఊపిరంతా ఆ ఒక్క మెట్టు ఎక్కడానికే పోతుంది.

అందుకని నా పని ఏది ఉంచాలో చెప్పడం కాదు, ఏది తీసెయ్యాలో చెప్పడం. నీడలు తగ్గించండి, గడ్డి తగ్గించండి, దూరపు కొండలు తీసెయ్యండి. పొద్దున్నించి ఇదే పాట. సాయంత్రమయ్యేసరికి నా గొంతంటే నాకే వెగటు పుట్టేది. ఇంటికి వెళ్ళి మా ఆవిడ కూరలో ఏం వెయ్యమంటారని అడిగితే, "ఏదో ఒకటి తగ్గించు" అన్నానట ఒకరోజు.

మా బావ షాపుకి రావడం మొదలుపెట్టింది ఆ రోజుల్లోనే.

బావంటే మా అక్క భర్త. పెడనలో కలంకారీ అద్దకం షెడ్డులో ముప్ఫై అయిదేళ్ళుగా అచ్చులు వేసే మనిషి. పొడుగాటి బల్ల, దాని మీద మెత్తగా గోనెపట్టాలు, వాటి మీద పరిచిన బట్ట. టేకు చెక్క మీద చెక్కిన అచ్చుని రంగులో అద్ది, బట్ట మీద పెట్టి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దాలి. తర్వాత అచ్చు ఎత్తి, పక్కన పెట్టి, ఇంకో గుద్దు. మొదట గీతల అచ్చు. ఆ తర్వాత ఒక్కో రంగుకీ ఒక్కో అచ్చు, మళ్ళీ ఆ చోట్లలోనే. నాలుగు రంగుల చీరైతే బల్ల పొడవునా నాలుగుసార్లు నడవాలి. చీరకి ఎన్ని గుద్దులో బావ ఎన్నడూ లెక్కపెట్టలేదు. భుజం లెక్కపెట్టుకుంది.

కుడి చెయ్యి భుజం దాటి లేవడం మానేసింది. గుడివాడలో మా పక్క వీధిలోనే ఫిజియోథెరపీ చేసే డాక్టరు ఉంటే, పెడన నుంచి పొద్దున రైలుకి రావడం మొదలుపెట్టాడు. అక్కడ కరెంటు పెట్టించుకుని, చేతిని గోడ మీద పాకించి, తిరుగు రైలు వేళ దాకా నా షాపులో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాడు. వస్తూనే పలకరింపు ఒకటే.

"ఏం బామ్మర్దీ, ఇవాళ ఎవడి నీడలు కోశావ్?"

డాక్టరు చెప్పింది సూటిగానే ఉంది. కీలు అరిగిపోయింది, గుద్దడం మానితే నొప్పి తగ్గుతుంది, మానకపోతే చెయ్యే లేవదు. ఆ మాట బావ అక్కడే వదిలేసి వచ్చాడు. షెడ్డులో తన బల్ల ఖాళీగా ఉందనీ, పదిహేను రోజుల్లో వెళ్ళిపోతాననీ చెప్పేవాడు. అక్క నాకు ఫోన్ చేసింది.

"నువ్వు చెప్పరా తమ్ముడూ. నేను చెప్తే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంటది. రోజూ ఊళ్ళో వాళ్ళందరికీ ఏది మానుకోవాలో చెప్తావంట కదా, మీ బావకి ఒక్కమాట చెప్పలేవా?"

చెప్తానన్నాను. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో చెప్పుకోవడం కష్టం, కానీ ప్రయత్నిస్తాను. బావ వేసిన చీరలో అతుకు కనబడదు. ఒక అచ్చు పక్కన ఇంకో అచ్చు పెట్టినచోట తీగ తెగకుండా, ఆకు మీద ఆకు ఎక్కకుండా కలిసిపోతుంది. నేను టెన్త్ చదివేటప్పుడు వేసవి సెలవుల్లో ఆయన బల్ల దగ్గర నిలబడి ఒక్క గుద్దు గుద్దాను. వెంట్రుకవాసి పక్కకి పోయింది. బావ పడీ పడీ నవ్వి, "నీకు కంప్యూటరే దిక్కురా" అన్నాడు. అలా ఈ రంగంలోకి వచ్చినవాణ్ణి నేను. ఆ మనిషిని పట్టుకుని, ఇక నువ్వు బల్ల దగ్గరికి వెళ్ళకు అని ఏ నోటితో అనను?

అలాంటి ఒక మధ్యాహ్నం డ్రైవరుగారు కంప్యూటర్ మోసుకుని మెట్లెక్కి వచ్చారు. ఆయన ఆర్టీసీలో రిటైరయ్యారు. బందరు నుంచి గుడివాడకి కొన్నేళ్ళు, ఆ తర్వాత పులిగడ్డ వంతెన మీదుగా అవనిగడ్డకి కొన్నేళ్ళు బస్సు నడిపారు. రిటైరయ్యాక పొద్దుపోక బస్సు నడిపే ఆట ఒకటి మొదలుపెట్టారు. తెరమీద ఎక్కడివో పరాయి దేశాల రోడ్లు, రోడ్డు పక్కన పైన్ చెట్లు. ఆయన మాత్రం "కవుతరం స్టేజీ దాటాక ఒక మలుపు ఉందండీ, అక్కడ ఆగుతోంది" అని ఫిర్యాదు చేసేవారు. కొన్నాళ్ళకి నేను కూడా ఆ మలుపుని కవుతరం అనే అనుకోవడం మొదలుపెట్టాను.

అంతకు మూడు రోజుల ముందే ఆయన కంప్యూటర్ తెస్తే, చేతికందినవన్నీ కిందికి దించి పంపించాను. సెకనుకి ఇరవై రెండు బొమ్మలు గీస్తున్నది యాభై దాకా ఎగబాకింది. నాకు నేనే భుజం తట్టుకున్నాను. ఇప్పుడు ఆయన మొహం చూస్తే బాగాలేదు.

"బండి బాగానే వెళ్తోందండీ. కానీ నేను నడపలేకపోతున్నాను."

"ఏమైందండీ?"

"అద్దాలు తీసేశారు మీరు."

తియ్యలేదు. అద్దాల నాణ్యత అడుక్కి దించాను. అద్దంలో కనబడేది కూడా కార్డే గియ్యాలి కదా. ముందున్న రోడ్డు ఒక బొమ్మ, ఎడమ అద్దంలో వెనక రోడ్డు ఇంకో బొమ్మ, కుడి అద్దంలో మరొకటి. అద్దాలు రెండూ తళతళలాడాలంటే ఒక్క బొమ్మకి బదులు మూడు గీసినంత చాకిరీ. ఆ సంగతి వివరించి, "వెనక ఏముందండీ చూడ్డానికి? ఆటే కదా" అన్నాను.

డ్రైవరుగారు నా వంక చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. కోపం కాదు, జాలి.

"చెట్లు తీసెయ్యండి. నీడలు తీసెయ్యండి. వాన పడకపోయినా పర్లేదు. రోడ్డు పక్కన మనుషులు కూడా అక్కర్లేదండీ నాకు. అద్దం లేకుండా స్టీరింగు పట్టుకోలేను. ముప్ఫై ఏళ్ళలో నా బండి వెనక చక్రం ఒకళ్ళ మీద ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదనుకుంటున్నారు?"

నేను అద్దాలు పైకి పెట్టాను. బొమ్మలు మళ్ళీ ఇరవై ఎనిమిదికి పడిపోయాయి. బస్సు నత్తలా పాకింది. మళ్ళీ దించాను, ఆయన తల అడ్డంగా ఊపారు. నాకు విసుగొచ్చింది, కొత్త కార్డు కొనుక్కోండి అని నోటిదాకా వచ్చింది. అప్పుడు వెనక కుర్చీలోంచి బావ లేచి వచ్చాడు.

"అయ్యా, మీరు అద్దంలో ఏం చూస్తారండీ?"

"వెనక ఎవడొస్తున్నాడో చూస్తానండీ."

"ఎంత దూరంలో వచ్చేవాణ్ణి?"

డ్రైవరుగారు ఆలోచించారు. "పక్కకి వచ్చేవాణ్ణండీ. రెండు బండ్ల దూరం. దాని వెనక ఉన్నోడు నాకెందుకు?"

బావ నా వైపు తిరిగాడు. "చూడు బామ్మర్దీ. మేం చీర మొత్తం అచ్చు వేస్తామా? లోపలి కొస, ఆడవాళ్ళు నడుం దగ్గర మొదట దోపుకునేది, అక్కడ ఒక మూర ఉత్త బట్టే వదిలేస్తాం. ఎవరూ చూడరు. అక్కడ గుద్దినా ఒకటే, గుద్దకపోయినా ఒకటే. అలాగే ఈయన అద్దంలో కూడా దోపుకునే మూర ఒకటి ఉంటదేమో వెతుకు."

వెతికితే ఉంది. అద్దంలో ఎంత దూరం దాకా కనబడాలి అన్నది సెట్టింగుల్లో విడిగా ఒక వరస. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న నేను ఒక్కనాడూ దాన్ని ముట్టుకోలేదు. అద్దాల నునుపు పైనే ఉంచి ఆ దూరం మాత్రం కోసేశాను. వెనకనున్న కొండలూ ఊళ్ళూ అద్దంలోంచి మాయమయ్యాయి. దగ్గరకొచ్చే లారీ మాత్రం నంబరు ప్లేటుతో సహా కనబడింది. బొమ్మలు నలభై నాలుగు. డ్రైవరుగారు కుర్చీ ముందుకి జరుపుకుని కవుతరం మలుపు తిప్పి, కుడి అద్దంలోకి చూసి, హాయిగా ఊపిరి వదిలారు.

"మీరు ఏం చేస్తుంటారండీ?" అని బావని అడిగారు.

"అచ్చులు వేస్తానండీ, పెడనలో" అన్నాడు బావ. వేసేవాణ్ణి అనలేదు.

ఆ తర్వాత రెండు మూడు వారాలు షాపు సరదాగా గడిచింది. నా బతుకులో అలాంటివి తక్కువ కాబట్టి గుర్తుంచుకున్నాను. ఎవరు వచ్చినా బావ ముందు అడిగేవాడు, నువ్వు ఈ ఆటలో దేనికేసి చూస్తావు అని. ఒకాయన, కైకలూరు వైపు చేపల చెరువుల రైతు, నీడలన్నీ తీసెయ్యమంటే బావ ఒప్పుకోలేదు. "నీడ పూర్తిగా తీస్తే మనిషి నేల మీద ఆనడండీ. చూడండి, గాల్లో తేలుతున్నాడు. కాళ్ళ కింద కాస్త మసకగా ఉంచండి చాలు." చూస్తే నిజమే. అన్నేళ్ళుగా నేను జనాన్ని గాల్లో తేలించి పంపిస్తున్నాను. కంప్యూటర్ మౌస్ ఎలా పట్టుకోవాలో తెలియని మనిషి నా పని నాకు నేర్పుతుంటే సిగ్గు పడాల్సింది. ముచ్చటేసింది. ఆ మాట ఆయనకి చెప్పలేదనుకోండి, బావకి నెత్తికెక్కుతుంది.

థెరపీ చివరి వారంలో చెయ్యి కాస్త లేచింది. బావ పనిలోకి వెళ్తానన్నాడు. అక్క మళ్ళీ ఫోన్ చేసింది, ఈసారి ఏడుస్తూ. ఇవాళ చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననుకున్నాను. బావ రైలుకి టైమవుతోందని చెప్పులు వేసుకుంటున్నాడు.

"బావా, డాక్టరు గుద్దొద్దన్నాడు కదా."

"డాక్టరు అంటాడు. అచ్చు దానంతటది పడుద్దా?"

అప్పుడు చెప్పాల్సిన మాట ఒక్కటే. మానెయ్యి బావా. రెండు ముక్కలు. నేను రోజూ ముక్కూమొహం తెలియనివాళ్ళకి తీసెయ్యండి, తీసెయ్యండి అని అరిచేవాణ్ణి, ఆ రెండు ముక్కలూ అనలేకపోయాను. దానికి బదులు నాకు అలవాటైన తెలివితేటలు బయటికొచ్చాయి.

"పోనీ, గుద్దులు తగ్గించుకో. ఆ దోపుకునే మూర అన్నావు కదా. అది మూరే ఎందుకుండాలి? రెండు మూరలు వదిలెయ్. ఎవడు చూస్తాడు?"

బావ ఒక చెప్పు వేసుకుని, రెండోది కాలితోనే వెతుక్కుంటూ ఆగాడు. "రెండు మూరలా" అన్నాడు. కాసేపు లెక్క వేసుకున్నాడు. నాలుగు రంగుల చీర మీద అది చాలా గుద్దులే. "చూద్దాంలే" అని మెట్లు దిగాడు. నాకు బరువు దిగినట్టయింది. అక్కకి ఫోన్ చేసి, మాట్లాడాను, తగ్గించుకుంటానన్నాడు అని చెప్పాను. చెప్పేవి శ్రీరంగనీతులు అంటారే, అది నాలాంటివాణ్ణి చూసే పుట్టి ఉంటుంది.

జరిగింది తర్వాత తెలిసింది. బావ నా మాట తీసిపారెయ్యలేదు. అలాగని గుడ్డిగానూ చెయ్యలేదు, పనిమంతుడు కదా. రెండు మూరలు ఉత్త బట్ట వదిలి ఒక చీర అచ్చు వేసి, ఉడికించి, ఆరేసి, ఇంటికి తెచ్చి అక్క చేత కట్టించాడు. అక్క చుట్టూ తిరిగి చూశాడు. ఎక్కడా ఏమీ కనబడలేదు. చూశావా, మా బామ్మర్ది బుర్ర బుర్రే అన్నాడట. మర్నాటి నుంచి అన్ని చీరలూ అలాగే వేశాడు. భుజం కూడా నెమ్మదించింది. ఒక నెల రోజులు ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు.

మా అక్క ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. రెండు మూరల ఉత్త బట్ట ఆమె నడుం చుట్టూ ఒక చుట్టు తిరక్కుండానే అయిపోయింది, దాని మీద రెండో చుట్టు వచ్చి కప్పేసింది. బావ ఆ నెలలో వేసిన చీరలు మాత్రం బందరులో ఒక బట్టల షాపు ద్వారా ఏదో కాలేజీ అమ్మాయిలకి వెళ్ళాయి. వార్షికోత్సవానికి అందరూ ఒకేలా కట్టుకుందామని కొన్నారట. వాళ్ళు రివటల్లాంటి పిల్లలు. ఉత్త బట్ట ఒక చుట్టు తిరిగి, ఇంకా మిగిలి, కుచ్చిళ్ళ పక్కకి వచ్చి నిలబడింది. తీగలూ పువ్వులూ నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోయి, ముందువైపు జానెడు బోసిగా.

నాకు తట్టాల్సిన విషయం అది. కంప్యూటర్ తెర ఎవరి ఇంట్లో పెట్టినా అంతే ఉంటుంది, దాంట్లో మూల మూలే. చీరకి మూల అంటూ లేదు. అది కట్టుకున్న మనిషిని బట్టి మారుతుంది. అందుకే ఆ షెడ్డులో పెద్దవాళ్ళు ఎన్ని తరాల కిందో మూర అని పెట్టారు. ఎంత సన్నటి నడుముకైనా లోపలే ఉండిపోయే కొలత అది. బావకి ఆ సంగతి నాకంటే బాగా తెలుసు. తెలిసీ నా మాట విన్నాడంటే భుజం ఎంత నొప్పెట్టి ఉండాలో ఇప్పుడు అర్థమవుతోంది.

చీరలన్నీ కట్ట కట్టి షెడ్డుకి వెనక్కి వచ్చాయి. షెడ్డు యజమాని కేకలు వెయ్యలేదు. "మీరు కొన్నాళ్ళు ఇంటి దగ్గర ఉండండి, భుజం బాగుపడ్డాక చూద్దాం" అన్నాడట. ముప్ఫై అయిదేళ్ళలో ఆయన చేతి చీర ఒక్కటి వెనక్కి రాలేదు. బావ తన అచ్చులు మాత్రం నీళ్ళలో కడిగి, నీడలో ఆరబెట్టి, వరసగా పేర్చి వచ్చేశాడు. ఆ రెండు మూరల ఊహ ఎవరిదో యజమానికి చెప్పలేదు.

నేనే అక్కకి చెప్పాను.

"మానెయ్యమని చెప్పరా అన్నాను" అంది. "దొంగపని చేయించమన్నానా?"

ఒక మనిషి పని మానెయ్యాల్సి వస్తే తలెత్తుకుని మానేలా చెయ్యొచ్చు. ఆ ఒక్క అవకాశం నా పిరికితనం వల్ల బావకి పోయింది. డాక్టరు వద్దన్నాడు కాబట్టి మానేశాను అని చెప్పుకోవాల్సిన మనిషి, చీరలు తిరిగొచ్చాయి కాబట్టి ఇంట్లో కూర్చున్నాడు. నాకు ఆయన మొహం చూడాలంటే చచ్చేంత సిగ్గుగా ఉండేది. పెడన వెళ్ళడం మానేశాను. అక్క అప్పుడప్పుడూ ఫోన్లో చెప్పేది. తింటున్నాడు, పేపరు చదువుతున్నాడు. మధ్యాహ్నం కునుకు తీస్తే మాత్రం నిద్దట్లోనే కుడి పిడికిలి మంచంపట్టె మీద గుద్దుతున్నాడు. ఒక గుద్దు, కాస్త ఆగడం, పక్కన ఇంకో గుద్దు. లేపితే ఏమీ తెలియదంటాడట.

రెండు నెలల తర్వాత బావే వచ్చాడు. ఎండ మండిపోతోంది. మెట్లెక్కి, కుర్చీలో కూలబడి, తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"ఏం బామ్మర్దీ, నీడలన్నీ కోసెయ్యడం అయిపోయిందా?"

నేను క్షమించు బావా అన్నాను. అనుకున్నట్టు కాకుండా మొహం తిప్పుకుని, స్క్రూడ్రైవరు వంక చూస్తూ అన్నాను.

"పోరా. చేసింది నేను కదా" అన్నాడు. "ఆ డ్రైవరుగారు నయం. అద్దం తప్ప ఏదైనా తీసుకోమన్నాడు. నేనేమో తెలిసి తెలిసి నా అద్దమే ఇచ్చేశాను."

డ్రైవరుగారి కంప్యూటర్ ఆ రోజు నా బల్ల కిందే ఉంది. దుమ్ము దులపమని ఇచ్చి వెళ్ళారు. ఆట పెట్టి చూపించమన్నాడు బావ. పెట్టాను. కవుతరం మలుపు దగ్గర బస్సు.

"ఒక్కసారి అన్నీ పైకి పెట్టు. నీడలూ నీళ్ళూ గడ్డీ అద్దాలూ, ఒక్కటి తగ్గించొద్దు. ఇన్నాళ్ళు వచ్చాను గానీ, అసలు వాళ్ళు వేసిన బొమ్మ పూర్తిగా ఎలా ఉంటదో నాకు ఒక్కరోజూ చూపించలేదు నువ్వు."

అన్నీ చివరి మెట్టుకి ఎక్కించాను. తెర మూల అంకె పదకొండు దగ్గర నిలబడింది. బస్సు కదిపితే ఎగిరెగిరి పడుతోంది. బావ చెయ్యి ఎత్తి ఆపమన్నాడు, ఎడం చెయ్యి. బస్సు రోడ్డు పక్కన ఆపాను.

ఆపాక చూస్తే అది వేరే లోకం. ముందు అద్దం మీద ఎండ. రోడ్డు పక్కన గుంటలో నిలిచిన నీళ్ళలో చెట్ల కొమ్మలు విడివిడిగా. ప్రతి గడ్డిపోచకీ దాని నీడ. కుడి అద్దంలో వచ్చిన దారంతా, చివరి కొండ దాకా. ఇరవై ఏళ్ళలో నేనూ దాన్ని అలా చూడలేదు, చూడ్డానికి ముందే దించేస్తాను కదా. బావ కుర్చీ దగ్గరికి లాక్కుని చాలాసేపు చూశాడు. ఆకుల అంచుల దగ్గర, ఒకటి ఇంకోదానితో కలిసే చోట్ల, వేలు తెరకి తగలకుండా పోనిచ్చాడు.

"అతుకు లేదురా" అన్నాడు. తర్వాత, "అయితే నడపకుండా ఊరుకుంటే అన్నీ ఉంచుకోవచ్చన్నమాట."

అవునన్నాను. ఆయనకి ఏదో ఒక మంచిమాట చెప్పాలనిపించి అవునన్నాను. కాసేపటికి బావ బల్ల కిందికి చూశాడు.

"బండి ఆగే ఉంది కదా. మరి ఆ ఫ్యానెందుకు అలా అరుస్తోంది?"

మళ్ళీ అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "ఆగినా దానికి తెలియదు బావా. కదలకపోయినా అదే బొమ్మని మళ్ళీ మళ్ళీ గీస్తూనే ఉంటుంది. నడిపినా ఆపినా దాని చాకిరీ దానికి అంతే."

బావ కుడి పిడికిలిని ఎడం చేత్తో పట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. కార్డు వేడి మా ఇద్దరి కాళ్ళకీ తగులుతోంది.

"ఆపెయ్ రా" అన్నాడు. "పాపం, దాన్నైనా పడుకోనీ."

ఆపేశాను.